రష్యాలో ఒక్కరే నడిపే ఎలక్ట్రానిక్ డ్యాన్స్ మ్యూజిక్ ప్రాజెక్టు: ఒకే మనిషి, మూడు కుర్చీలు

ప్రశ్న ఇది: "కజాన్‌లో మెడిసిన్ చదువుతున్నాను. రాత్రిళ్ళు ల్యాప్‌టాప్‌లో హౌస్, టెక్నో ట్రాకులు చేస్తుంటాను. ఇక్కడ బ్యాండ్ లేకుండా, ఒక్కరే ఒక పేరు పెట్టుకుని ప్రాజెక్టు నడిపేవాళ్ళు చాలామంది ఉన్నారు. దీనిమీదే బతకొచ్చా? మొదటి ట్రాక్ నుంచి బయటి దేశాల్లో వాయించేదాకా దారి ఎలా ఉంటుంది?"

బతకొచ్చు, బతుకుతున్నవాళ్ళున్నారు. అయితే సగం దారిలో ఆగిపోయినవాళ్ళను చూస్తే, వాళ్ళ సంగీతంలో లోపం కన్నా కాగితాల్లో లోపమే ఎక్కువగా కనిపిస్తుంది. నాలుగేళ్ళు కష్టపడ్డాక పేరు ఒకరి చేతిలో, మాస్టర్ (విడుదలకు సిద్ధమైన అసలు రికార్డింగ్) ఇంకొకరి చేతిలో, ప్రాజెక్టు ఫైళ్ళు ఎప్పుడో చెడిపోయిన హార్డ్ డిస్కులో ఉంటాయి. బ్యాండులో అయితే నలుగురిలో ఎవరో ఒకరు ఈ సంగతులు పట్టించుకుంటారు. ఒంటరి ప్రాజెక్టులో ఆ పని కూడా మీదే. అందుకే నా సమాధానంలో సౌండు గురించి తక్కువ, మీ పేరుమీద ఏం మిగలాలన్న దాని గురించి ఎక్కువ ఉంటుంది.

ముందు పేరుతో మొదలుపెడదాం. రష్యాలో పేరుకు రెండు లిపుల బాధ ఉంది. లాటిన్‌లో 'సి' అని చదివే అక్షరం, సిరిలిక్‌లో 'స' అని పలికే అక్షరం, కంటికి ఒకటే అర్ధచంద్రాకారం. కంప్యూటర్‌కు మాత్రం అవి వేరు వేరు: యూనికోడ్‌లో ఒకటి 0043, రెండోది 0421. 'ఏ', 'ఈ', 'ఓ', 'పి', 'ఎక్స్' ఆకారాలకూ ఇదే జంట గొడవ. మొదటి ట్రాక్ అప్‌లోడ్ చేసినప్పుడు కీబోర్డు రష్యన్‌లో ఉండి, రెండోసారి ఇంగ్లీషులో ఉంటే, స్ట్రీమింగ్ యాప్‌లో మీకు రెండు ఆర్టిస్ట్ కార్డులు తయారవుతాయి. చూడ్డానికి రెండు పేర్లూ అచ్చం ఒకటే, కానీ వినేవాళ్ళ లెక్క చీలిపోతుంది, వెతికినవాళ్ళకు సగం ట్రాకులే దొరుకుతాయి. పేరును ఒక టెక్స్ట్ ఫైల్‌లో ఒక్కసారి సరిగ్గా టైప్ చేసి దాచుకోండి. ఆ తర్వాత ప్రతిచోటా అక్కణ్ణుంచే కాపీ చేయండి. ఇప్పటికే చీలిపోయి ఉంటే డిస్ట్రిబ్యూటర్‌కు (మీ ట్రాకులను యాప్‌లకు చేర్చే సంస్థకు) రెండు కార్డుల లింకులూ పంపి కలపమని అడగాలి. యాప్‌కు నేరుగా రాస్తే సాధారణంగా మళ్ళీ డిస్ట్రిబ్యూటర్ దగ్గరికే పంపిస్తారు.

రెండు రకాల సంగీతం చేస్తుంటే రెండు పేర్లు పెట్టుకోవడం తప్పేమీ కాదు. సరాతొవ్ ప్రాంతంలోని ఎంగెల్స్ నుంచి వచ్చిన ఆర్త్యోమ్ స్తొల్యారొవ్ ప్రోగ్రెసివ్, పాప్ వైపు ఒదిగే పనికి ఆర్టీ అనే పేరు, ట్రాన్స్‌కు ఆల్ఫా 9 అనే పేరు వాడతాడు. డీజేలు, లేబుళ్ళు (రికార్డు కంపెనీలు) పేరును బట్టి సౌండును ఊహించుకుంటారు కాబట్టి ఇది పనికొచ్చే పద్ధతే. కానీ మొదటి పేరుకు శ్రోతలు ఏర్పడకముందే రెండోది తెరిస్తే ఉన్న కాస్త శక్తీ చీలిపోతుంది.

ఇక ట్రాకు. ఇక్కడ రెండు వెర్షన్లు లేకుండా బయటికి పంపకండి. ఒకటి క్లబ్‌కు, ఒకటి రేడియో, స్ట్రీమింగ్‌కు. క్లబ్ వెర్షన్ మొదట్లోనూ చివర్లోనూ 16 లేదా 32 బార్ల (నాలుగేసి బీట్ల ముక్కల) పాటు డ్రమ్స్ మాత్రమే నడవాలి. 128 బీపీఎంలో, అంటే నిమిషానికి 128 బీట్ల వేగంలో, ఒక బార్ 1.875 సెకన్లు. అంటే 16 బార్లకు సరిగ్గా 30 సెకన్లు, 32 బార్లకు ఒక నిమిషం. డీజే ముందు ట్రాక్‌లోంచి మీ ట్రాక్‌లోకి రావడానికి కావలసిన చోటు అది. ఆ చోటు లేని ట్రాకును ఎంత నచ్చినా సెట్‌లో పెట్టడం కష్టం. రేడియో వెర్షన్‌కు ఆ నిమిషమే శత్రువు. 1995లో పీటర్స్‌బర్గ్‌లో మొదలైన రేడియో రికార్డ్ లాంటి డ్యాన్స్ స్టేషన్‌కు పంపేది మూడు నిమిషాల చుట్టూ, మొదటి 15 సెకన్లలో అసలు మెలడీ వినపడేలా ఉండాలి.

మాస్టరింగ్‌కు ఇచ్చే ఫైలు 24 బిట్ వేవ్, పీక్ మైనస్ 6 డీబీ దగ్గర, మాస్టర్ చానెల్ మీద లిమిటర్ (శబ్దం హద్దు దాటకుండా నొక్కే సాధనం) తీసేసి ఇవ్వండి. 120 హెర్ట్జ్ కింద అంతా మోనోలో ఉంచండి. చాలా క్లబ్బుల్లో సబ్‌వూఫర్లు మోనోలోనే నడుస్తాయి. స్టీరియోలో వెడల్పు చేసిన బేస్ అక్కడ ఒకదాన్నొకటి కొట్టేసుకుని మాయమవుతుంది. హెడ్‌ఫోన్స్‌లో బ్రహ్మాండంగా ఉన్న ట్రాకు క్లబ్‌లో నీరసంగా వినిపిస్తే ముందు అనుమానించాల్సింది దీన్నే. స్ట్రీమింగ్‌కు వెళ్ళే మాస్టర్‌లో ట్రూ పీక్ మైనస్ 1 డీబీ దాటనివ్వకండి. శబ్దాన్ని సమం చేసే యాప్‌లో మీరు ఎంత గట్టిగా నొక్కి మాస్టర్ చేసినా అది దాన్ని కిందికే దించుతుంది. మిగిలేది నలిగిపోయిన కిక్ డ్రమ్ ఒక్కటే.

సౌండ్ గురించి ఒక్క పక్కమాట చెప్పి ముందుకు వెళ్తాను. రష్యాలో ఉన్నారు కనుక పాత సోవియట్ సింథసైజర్ల మీద మనసు పోతుంది. వాటిలో పొలివోక్స్‌కు నిజంగానే తనదైన గొంతు ఉంది. వ్లదీమిర్ కుజ్మిన్ డిజైన్ చేయగా, 1982 నుంచి ఉరల్ ప్రాంతంలోని కచ్కనార్‌లో ఫొర్మాంత ఫ్యాక్టరీలో తయారైంది. దాని ఫిల్టర్‌లో మామూలుగా ఉండాల్సిన కెపాసిటర్లు లేవు. కంట్రోల్ కరెంటు ఇచ్చి వేగాన్ని మార్చగలిగే ఆప్-ఆంప్ చిప్పులు ఆ పని చేస్తాయి. ఆ చిప్పు తన హద్దు దగ్గర పడే తడబాటే మనకు వినిపించే ఆ గరుకుదనం, రెజొనెన్స్ పెంచినప్పుడు వచ్చే ఆ అరుపు. కొనేముందు తెలుసుకోవాల్సిన సంగతులు రెండు. వెనక ఉండేది ఐదు కాళ్ళ డిన్ సాకెట్, మామూలు జాక్ కాదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చినదానికి మిడి (కంప్యూటర్‌తో, ఇతర వాయిద్యాలతో కలిపే డిజిటల్ పద్ధతి) ఉండదు, విడిగా కిట్ వేయించాలి. కీబోర్డు కాంటాక్టులు, పొటెన్షియోమీటర్లు శుభ్రం చేయించకుండా స్టేజీ ఎక్కిస్తే పాట మధ్యలో నోట్లు పడిపోతాయి. రికార్డింగ్‌కు వాడుకోండి, పర్యటనకు తీసుకెళ్ళకండి.

అసలు విషయం ఇక్కడ మొదలవుతుంది. ఒంటరి ప్రాజెక్టు నడిపే మనిషి చట్టం దృష్టిలో ఒకేసారి మూడు కుర్చీల్లో కూర్చుంటాడు. ట్యూన్ కట్టాడు కాబట్టి రచయిత. వాయించి రికార్డు చేశాడు కాబట్టి ప్రదర్శకుడు. ఆ రికార్డింగ్‌ను తన పూనిక మీద, తన బాధ్యత మీద తయారు చేశాడు కాబట్టి ఫోనోగ్రామ్ (శబ్ద రికార్డింగ్) నిర్మాత. రష్యా సివిల్ కోడ్ నాలుగో భాగం 2008 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. ఈ మూడూ అందులో వేరు వేరు హక్కులు. రచయిత హక్కు చనిపోయాక 70 ఏళ్ళు నడుస్తుంది. ఫోనోగ్రామ్ హక్కుకు 50 ఏళ్ళు. రచయిత డబ్బు వసూలు చేసే సంస్థ రావో. మిగతా రెండు కుర్చీల డబ్బు వోయిస్ అనే మరో సంస్థ ద్వారా వస్తుంది. రేడియోలోనూ క్లబ్బులోనూ రికార్డింగ్ వినిపించినందుకు వచ్చే ఆ మొత్తాన్ని 1326వ అధికరణం సగం ప్రదర్శకులకు, సగం ఫోనోగ్రామ్ నిర్మాతకు పంచమంటుంది. రావోలో చేరి, పని అయిపోయిందనుకుని ఊరుకునేవాళ్ళు మూడింట రెండు కుర్చీలు ఖాళీగా వదిలేసినట్టే. రెండుచోట్లా చేరాలి, ప్రతి ట్రాకునూ రెండుచోట్లా విడివిడిగా నమోదు చేయాలి, ప్రతి రికార్డింగ్‌కు దానికంటూ విడిగా 12 అక్షరాల ఐఎస్ఆర్సీ కోడ్ (రికార్డింగ్ గుర్తింపు సంఖ్య) ఉండాలి. రేడియో వెర్షన్‌కు, క్లబ్ వెర్షన్‌కు ఒకే కోడ్ ఇవ్వడం బాగా ఎక్కువగా జరిగే పొరపాటు. అవి రెండు వేరు రికార్డింగులు, రెండు కోడ్‌లు కావాలి.

ఈ కుర్చీలు ఎలా విడిపోతాయో తెలియాలంటే పీపీకే ట్రాకును చూడండి. అది రస్తోవ్ నుంచి వచ్చిన ఇద్దరి ప్రాజెక్టే అయినా పాఠం మనకూ పనికొస్తుంది. 2001 డిసెంబర్‌లో వాళ్ళ 'రెజరెక్షన్' బ్రిటన్ సింగిల్స్ చార్టులో 3వ స్థానానికి వెళ్ళింది. ఆ మెలడీ ఎదువార్ద్ అర్తేమ్యెవ్ 1979 నాటి 'సిబిరియాద' సినిమాకు చేసినది. ట్రాకు ఎంత మోగినా మెలడీ రచయిత కుర్చీ అర్తేమ్యెవ్‌దే. ట్రాన్స్ తాళంలో దాన్ని కొత్తగా రికార్డు చేసినవాళ్ళకు మిగతా కుర్చీలు. పాత సోవియట్ సినిమా ట్యూన్ తీసుకుని చేద్దామనే ఆలోచన ఇక్కడ అందరికీ వస్తుంది. చేయండి, కానీ రచయిత వైపు మీకు మిగిలేది చాలా తక్కువని ముందే లెక్కలో వేసుకోండి. అనుమతి పత్రం చేతికి రాకుండా విడుదల చేయకండి. సినిమాలోని రికార్డింగ్ ముక్కనే కోసి వాడితే స్టూడియో అనుమతి అదనం.

లేబుల్ ఒప్పందం వచ్చినప్పుడు మొదట చూడాల్సింది శీర్షిక. 'లిత్సెన్జియోన్ని దగవోర్' అని ఉంటే అది లైసెన్స్: హక్కు మీదే, కొంతకాలం వాడుకోనిస్తున్నారు. 'దగవోర్ అబ్ అత్చుజ్దేనియి' అని ఉంటే అది అమ్మకం: హక్కు పూర్తిగా పోతుంది, తిరిగి రాదు. శీర్షిక లైసెన్స్ అని ఉండి లోపల 'పూర్తి పరిమాణంలో బదిలీ' అన్న మాట దూర్చిన కాగితాలూ ఉంటాయి, అందుకని లోపల కూడా చదవాలి. చట్టం ఇక్కడ కొంతవరకు మీ పక్షమే. హక్కు పూర్తిగా ఇచ్చేస్తున్నట్టు స్పష్టంగా రాయకపోతే 1233వ అధికరణం ప్రకారం అది లైసెన్సే. 1235వ అధికరణం ప్రకారం గడువు రాయకపోతే 5 ఏళ్ళు, ప్రాంతం రాయకపోతే రష్యా మాత్రమే. ఏ రకంగా వాడొచ్చో రాయని వాడకం ఇచ్చినట్టు కాదు. డబ్బుకు ఇచ్చే లైసెన్స్‌లో ఎంతన్నది గానీ, ఎలా లెక్కగట్టాలన్నది గానీ లేకపోతే ఆ ఒప్పందం కుదిరినట్టే లెక్కకు రాదు. నోటిమాట మీద ఇచ్చిన హక్కు చెల్లదు, కాగితం ఉండాల్సిందే.

ఇంకో చిన్న గీత చాలామంది కంటికి ఆనదు. విడుదలయ్యే రికార్డుమీద గుండ్రటి వలయంలో 'పి' అక్షరం, దాని పక్కన ఒక పేరు, సంవత్సరం ఉంటాయి. వేరే రుజువు లేనంతవరకు ఆ పేరు ఎవరిదైతే వాళ్ళే ఫోనోగ్రామ్ నిర్మాత అని చట్టం అనుకుంటుంది. డిస్ట్రిబ్యూటర్ ఫారంలో ఆ గడి ఖాళీగా వదిలితే కొన్నిచోట్ల తనంతట తానే వాళ్ళ సంస్థ పేరు పడుతుంది. లైసెన్స్ మాత్రమే ఇచ్చినప్పుడు అక్కడ మీ పేరే ఉండాలి. లేబుల్ పేరు కావాలంటే 'మీ పేరు, ఫలానా లేబుల్‌కు లైసెన్స్ మీద' అని రాయించండి.

నేను సంతోషంగా ఒప్పుకునే షరతులు చెప్పమంటే: ప్రత్యేక లైసెన్స్, 5 నుంచి 7 ఏళ్ళు, ఖర్చులు పోగా వచ్చిన దాంట్లో సగం సగం, ఆ ఖర్చుల జాబితా, వాటి పైపరిమితి ఒప్పందంలోనే, ఆరు నెలలకోసారి లెక్కల కాగితం. 'ప్రమోషన్ ఖర్చులు' అని ఊరికే రాసి అంకె వేయకపోతే ఆ సగం ఎప్పటికీ మీ దాకా రాదు.

రీమిక్స్ విషయంలో ఇంకా జాగ్రత్త. ఇందాక చెప్పిన ఆర్టీయే దీనికి ఉదాహరణ. వన్‌రిపబ్లిక్ బృందం పాట 'ఐ లివ్డ్'కు అతను 2014లో అధికారికంగా రీమిక్స్ చేశాడు. అందులోని సింథ్ మెలడీని 2018లో వచ్చిన 'హ్యాపియర్' పాటలో తీసుకున్నారంటూ 2019లో అమెరికాలో ఆ పాట చేసిన డీజే మార్ష్‌మెల్లో తదితరుల మీద దావా వేశాడు. రెండు మెలడీలూ ఒకటా కాదా అన్నది తేలే వరకూ కేసు వెళ్ళనే లేదు. రీమిక్స్ చేసేటప్పుడు సంతకం పెట్టిన ఒప్పందంలో దాని మీద యాజమాన్యం వదులుకున్నాడు కాబట్టి అతనికి అడిగే హక్కు లేదని కోర్టు తేల్చింది. అప్పటికి అతను ప్రపంచమంతా తెలిసిన నిర్మాత, అయినా అదే జరిగింది. రీమిక్స్ అంటే సాధారణంగా ఒకేసారి ఇచ్చే ఫీజు, ఆ తర్వాత ఏ హక్కూ మిగలదు. అందుకని మీ దగ్గరున్న అతి మంచి మెలడీని రీమిక్స్‌లో ఖర్చు పెట్టకండి. అక్కడ డ్రమ్స్, సౌండ్ డిజైన్, పాట కూర్పు చూపించండి. మెలడీ మీ సొంత ట్రాక్‌కు ఉంచుకోండి.

ఇక ఎదిగే దారులు. రష్యాలో నాకు స్పష్టంగా కనిపించేవి మూడు.

ఒకటి ఆర్టీ దారి: ఊళ్ళోనే కూర్చుని విదేశీ లేబుళ్ళకు డెమోలు పంపడం, అక్కడ పేరు వచ్చాక అక్కడికే మారిపోవడం. 2010ల మొదట్లో బ్రిటన్‌లోని అంజునాబీట్స్ లేబుల్ ద్వారా అతను ఎదిగాడు, 2015లో 'గ్లోరియస్' ఆల్బమ్ అమెరికాలో విడుదలైంది.

రెండోది నీనా క్రావిజ్ దారి. దీని దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే నిచ్చెన మెట్లన్నీ ఇందులో విడివిడిగా కనిపిస్తాయి. ఇర్కుత్స్క్ అమ్మాయి, దంతవైద్యం చదివింది, కాబట్టి మెడిసిన్ చదివేవాళ్ళు ఈ రంగంలోకి రావడం కొత్తేమీ కాదు. రెడ్‌బుల్ మ్యూజిక్ అకాడమీకి ఎంపికై 2006లో మెల్‌బోర్న్ వెళ్ళింది. మాస్కోలో 1997లో మొదలైన ప్రొపగాండ క్లబ్‌లో క్రమం తప్పకుండా వాయించింది. బ్రిటన్‌కు చెందిన రీకిడ్స్ లేబుల్‌లో సింగిల్స్, ఆ తర్వాత 2012లో తన పేరుతోనే మొదటి ఆల్బమ్. 2014లో సొంత లేబుల్ 'ట్రిప్', పేరు సిరిలిక్‌లోనే. ఈ వరుసను గమనించండి: ఒకే ఊళ్ళో ఒకే క్లబ్‌లో నిలకడగా వాయించడం, ఒకే బయటి లేబుల్‌తో కొన్నేళ్ళు, ఆల్బమ్, ఆ తర్వాతే సొంత లేబుల్. ట్రిప్‌లో ఐస్‌లాండ్‌కు చెందిన బ్యార్కి, రష్యాకే చెందిన వ్లదీమిర్ దుబిష్కిన్ లాంటివాళ్ళ రికార్డులు వచ్చాయి. లేబుల్ ఆమె సెట్లకు సరుకు ఇస్తుంది, ఆమె సెట్లు లేబుల్‌కు ప్రచారం ఇస్తాయి. ఒంటరి ఆర్టిస్టుకు లేబుల్ పెట్టడంలో ఉన్న అర్థం ఇదే. చేతిలో తగినన్ని గిగ్‌లు (వాయించే కార్యక్రమాలు) లేనప్పుడు పెట్టిన లేబుల్ ఖర్చే అవుతుంది. ఇందులో బలహీనమైన మెట్టు కూడా చూడాలి. లేబుల్ మీదే అయినా రికార్డులు దుకాణాలకు చేర్చే డిస్ట్రిబ్యూటర్ వేరే చెయ్యి. ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక 2022లో నెదర్లాండ్స్ డిస్ట్రిబ్యూటర్ క్లోన్ ట్రిప్‌తో పని ఆపేసింది. డిస్ట్రిబ్యూషన్ ఒప్పందంలో రద్దు నోటీసు ఎన్ని రోజులో, గోడౌన్‌లో మిగిలిన రికార్డులు ఎవరి ఖర్చుతో వెనక్కి రావాలో రాయించుకోవడం ఇందుకే. ఇంకో సంగతి, ఆ అకాడమీ 2019లో మూతపడింది, కాబట్టి ఆ మెట్టు ఇప్పుడు లేదు.

మూడోది ఇంటి దారి. పెర్మ్‌లో పుట్టిన ఆంద్రేయ్ షిర్మాన్, అంటే డీజే స్మాష్, మాస్కో క్లబ్బుల్లో పేరు తెచ్చుకుని 'మాస్కో నెవర్ స్లీప్స్'తో దేశమంతా తెలిశాడు. 2008లో 'ఐడీడీక్యూడీ' ఆల్బమ్ వచ్చింది. ఆ తర్వాత పేరున్న గాయకులతో కలిసి రేడియో పాటలు చేశాడు, 2018 ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఏడాదిలో పొలీనా గగారినా, యెగోర్ క్రీద్‌లతో చేసిన పాట దాకా. ఈ దారిలో డబ్బు పాటల అమ్మకంలో కన్నా కార్యక్రమాల్లో ఉంటుంది: పెళ్ళిళ్ళు, నగర ఉత్సవాలు, కంపెనీల పార్టీలు. డిసెంబర్ రెండో సగంలో 'కర్పరతీవ్' అనే కంపెనీ పార్టీల సీజను వస్తుంది. ఇంటి దారిలో ఉన్నవాళ్ళు ఆ కొద్దిరోజుల మీద ఏడాది లెక్క వేసుకుంటారు. అక్కడ మీ సొంత టెక్నో వినిపిస్తానంటే కుదరదు. ఆ సంగతి ఒప్పుకోగలిగినవాళ్ళకే ఈ దారి.

వీటి పక్కన చిన్న కాలిబాట ఒకటుంది. బుత్తెఖ్నో పేరుతో చేసే పావెల్ మిల్యకోవ్ ఫ్యాషన్ డిజైనర్ గోషా రుబ్చిన్‌స్కి షోలకు సంగీతం చేశాడు. ఇలాంటి పనిలో ఫీజు ఒకేసారి వస్తుంది, హక్కులు మిగుల్చుకోవడానికి బేరమాడే వీలు రీమిక్స్ కన్నా ఎక్కువ.

డబ్బు లెక్క. రష్యా పౌరులైన ఒంటరి ఆర్టిస్టులకు బాగా సరిపోయేది 'సమజాన్యతి' పద్ధతి, స్వయం ఉపాధి పన్ను. 2019లో నాలుగు ప్రాంతాల్లో మొదలైంది, అందులో మీరున్న తతార్‌స్తాన్ ఒకటి. మనుషుల దగ్గర తీసుకున్న డబ్బుమీద 4 శాతం, కంపెనీల దగ్గర తీసుకున్నదాని మీద 6 శాతం. ఏడాదికి 24 లక్షల రూబుళ్ళ దాకానే. 'మోయ్ నలోగ్' అనే యాప్‌లో ప్రతి చెల్లింపుకూ రసీదు కొట్టాలి, వచ్చే నెల 28లోగా పన్ను కట్టాలి. జీతమిచ్చి ఎవరినీ పెట్టుకోకూడదు, ఒంటరి ప్రాజెక్టుకు అది అడ్డు కాదు. పొరపాటు జరిగేది ఇంకోచోట: గిగ్‌లు కుదిర్చి కమీషన్ తీసుకునే స్నేహితుడు తానూ ఇదే పద్ధతిలో ఏజెంట్ ఒప్పందం రాసుకుంటాడు. ఇంకొకరి తరఫున ఏజెంట్‌గా చేసే వ్యాపారానికి ఈ పద్ధతి చెల్లదు. అతను వ్యాపారిగా విడిగా నమోదు కావాలి. రెండో పొరపాటు: పాత యజమాని దగ్గర ఉద్యోగం మానేసి రెండేళ్ళు కాకముందే అదే యజమాని నుంచి ఈ పద్ధతిలో డబ్బు తీసుకోవడం. అది లెక్కకు రాదు, మామూలు ఆదాయపు పన్ను పడుతుంది.

గిగ్ కుదిరాక సగం డబ్బు ముందే, మిగతాది స్టేజీ ఎక్కకముందే. టికెట్లు, హోటల్ నిర్వాహకుడివి. రైడర్ (మీకేం కావాలో చెప్పే జాబితా) రెండు కాగితాలు: టెక్నికల్‌ది, బస-భోజనాల గురించిన 'బితవోయ్'ది. టెక్నికల్ రైడర్‌లో మిక్సర్, ప్లేయర్ల మోడల్ పేరు రాసి, 'లేదా అంతకన్నా కొత్తది' అని చేర్చండి. మీ సొంత ట్రాకులు మీరే వాయించినా సాధారణంగా నిర్వాహకుడు రావోకు కట్టాల్సి ఉంటుంది. అది మీకు తిరిగి రావాలంటే ఏ ట్రాకులు మోగాయో జాబితా ఆ రోజే నింపి నిర్వాహకుడి చేతికివ్వాలి. నింపని జాబితా మీద ఎవరూ మీకు డబ్బు పంపరు.

ఊళ్ళ దూరం లెక్కలో పెట్టుకోండి. దేశంలో 11 టైమ్ జోన్లు. మాస్కో నుంచి పీటర్స్‌బర్గ్ 650 కిలోమీటర్లు, సప్సాన్ అనే వేగపు రైల్లో నాలుగు గంటలు, శుక్ర-శని రెండు రాత్రులూ సుఖంగా కుదురుతాయి. నొవొసిబిర్స్క్ మాస్కో కన్నా 4 గంటలు, ఇర్కుత్స్క్ 5 గంటలు ముందుంటాయి. శుక్రవారం అక్కడ వాయించి శనివారం మాస్కోలో వాయించొచ్చు, గడియారం మీవైపే ఉంటుంది. తిరగేసి కుదుర్చుకుంటే నిద్రే ఉండదు.

శీతాకాలంలో పరికరాలు చెడిపోయేది చలికి కాదు, చలిలోంచి వేడిలోకి వచ్చినప్పుడు. మైనస్ 25లో కారు డిక్కీలో ఉన్న సింథ్‌ను ప్లస్ 22 ఉన్న క్లబ్‌లోకి తెచ్చి వెంటనే కేస్ తెరిస్తే, తేమగాలి చల్లటి బోర్డు మీద నీటి చెమ్మలా పేరుకుంటుంది. అప్పుడు స్విచ్ వేస్తే షార్ట్. కేస్ మూసే ఉంచి రెండు మూడు గంటలు వదిలేయండి, తెరిచాక ఇంకో పావుగంట ఆగి అప్పుడు కరెంటు ఇవ్వండి. సౌండ్ చెక్ టైము ఈ లెక్కతోనే అడగాలి. ల్యాప్‌టాప్‌ను డిక్కీలో పెట్టకుండా మీతోనే ఉంచుకోండి.

యూఎస్‌బీలు రెండు, రెండింటిలో ఒకటే సరుకు. ఫార్మాట్ ఫ్యాట్32, పార్టిషన్ ఎంబీఆర్. ఎన్‌టీఎఫ్‌ఎస్‌ను సీడీజే (క్లబ్బుల్లో డీజేలు వాడే ప్లేయర్) అసలు గుర్తించదు. ఇంకో ఇబ్బంది: కంప్యూటర్‌లో బాగా మోగే 24 బిట్ వేవ్ ఫైలు పాత సీడీజేలో 'ఈ-8305' అని తప్పు చూపించి ఆగిపోతుంది. సంగీతం చెడిపోయిందని కంగారు పడకండి. ఫైలు మొదట్లో అది ఏ రకమో చెప్పే రెండు బైట్లు 'ఎఫ్‌ఈ ఎఫ్ఎఫ్' అని ఉంటాయి, ఆ ప్లేయర్‌కు '01 00' కావాలి. హెక్స్ ఎడిటర్‌లో అవి మారిస్తే అదే ఫైలు మోగుతుంది. అంత అవస్థ ఎందుకు, మొదటే ఏఐఎఫ్ఎఫ్‌గా తీసుకుంటే ఈ గొడవ రాదు, ట్రాక్ పేరు, బొమ్మ కూడా ఫైల్లోనే ఉంటాయి.

వినిపించే చోట్లు 2022 తర్వాత మారిపోయాయి. 2020 జులైలో వచ్చిన స్పాటిఫై 2022 ఏప్రిల్‌లో వెళ్ళిపోయింది, సౌండ్‌క్లౌడ్‌ను అదే ఏడాది అక్టోబర్‌లో దేశంలో ఆపేశారు. లోపల మిగిలినవి యాందెక్స్ మ్యూజిక్, వీకే మ్యూజిక్, జ్వూక్. వీసా, మాస్టర్‌కార్డ్, పేపాల్ 2022 మార్చిలోనే ఆగిపోయాయి కాబట్టి బయటి లేబుల్ మీకు బాకీ ఉన్నా రష్యా కార్డుకు పంపలేదు. అందుకని ఒప్పందంలో చెల్లింపు ఏ దేశపు ఖాతాకో, పంపలేకపోతే ఎవరి దగ్గర ఎంతకాలం జమగా ఉంటుందో రాయించాలి. ఆ వాక్యం లేని ఒప్పందాల్లో 'మూడేళ్ళు అడగని డబ్బు మాదే' అన్న షరతు ఉంటే కళ్ళ ముందే పోతుంది. డబ్బిచ్చి వేయించే ఇంటర్నెట్ ప్రకటనలకు 2022 సెప్టెంబర్ 1 నుంచి మార్కింగ్ (ప్రతి ప్రకటనకూ టోకెన్ అనే గుర్తింపు కోడ్) తప్పనిసరి. ఏ చానెల్‌లోనైనా డబ్బిచ్చి పోస్టు వేయిస్తే దానికి టోకెన్ ఉందో లేదో అడగండి.

చివరిగా మీ సొంత పరిస్థితి. స్వయం ఉపాధి పద్ధతి భారతీయ పౌరులకు లేదు. అది ప్రధానంగా రష్యా, ఆర్మేనియా, బెలారుస్, కజకిస్తాన్, కిర్గిజ్‌స్తాన్ పౌరులకు. కాబట్టి 'యాప్‌లో రసీదు కొట్టు, డబ్బు పంపిస్తాం' అని క్లబ్ అంటే మీకు కుదరదు. గుర్తింపు ఉన్న కోర్సులో ఫుల్‌టైమ్ చదివే విదేశీ విద్యార్థి 2020 నుంచి విడిగా వర్క్ పర్మిట్ లేకుండానే పనిచేయొచ్చు, కానీ క్లబ్ మీతో సివిల్ ఒప్పందం రాసుకుని పన్ను తానే పట్టుకుని కట్టాలి. 12 నెలల్లో 183 రోజులు దేశంలో ఉంటే 13 శాతం, లేకపోతే 30. వేసవి సెలవులకు రెండు నెలలు ఇంటికొచ్చినా 183 దాటడం కష్టం కాదు, అయినా పాస్‌పోర్ట్ ముద్రల కాపీలు ఉంచుకోండి. ఒప్పందం మీద సంతకం పెట్టేముందు మీ యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే విభాగానికి దాని కాపీ చూపించండి. కాగితం లేకుండా చేతికిచ్చే డబ్బుకు వాయించకండి, ఎందుకంటే అక్కడ పట్టుబడితే పోయేది ఫీజు ఒక్కటే కాదు, వీసా, దాంతోపాటు డిగ్రీ. ట్రాకుల విడుదలకు మాత్రం చదువు పూర్తయ్యేదాకా ఆగక్కర్లేదు. లైసెన్స్ ఒప్పందం మీ పేరుమీదే చేసి, చెల్లింపు భారత్‌లోని మీ బ్యాంకు ఖాతాకు రాయించుకుని, ఈ సెమిస్టర్‌లోనే మొదటిది విడుదల చేయొచ్చు.